విశాఖలో జపాన్ సేన దిగి ఉంటే? నా నవల పునాది నిలుస్తుందా?

కొత్తకలం | ఆదివారం, రాత్రి 9:40

1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసి వెళ్లిపోయాయి. వాటిలో పేలని బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది. చిన్నప్పుడు బడి పిల్లలతో కలిసి వెళ్లి చూశాను. వేసి వెళ్లిపోకుండా దిగి ఉంటే ఏమయ్యేది అన్న ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదలలేదు.

ఇప్పుడు దాని మీదే నవల మొదలుపెట్టాను. కథ నడక ఇది. ఏప్రిల్ 5న జపాన్ అడ్మిరల్ నగుమో నౌకాదళం సింహళం దగ్గర బ్రిటిష్ తూర్పు నౌకాదళాన్ని మొత్తంగా ముంచేస్తుంది. వారం తర్వాత రెండు జపాన్ డివిజన్లు విశాఖలో, భీమిలిలో దిగుతాయి. వాల్తేరు దగ్గర రైలుదారి తెగి కలకత్తాకు, మద్రాసుకు మధ్య సంబంధం పోతుంది. క్రిప్స్ రాయబారం అప్పటికే విఫలమైంది కాబట్టి దేశం తిరగబడుతుంది, ఇంగ్లీషువాళ్లు బొంబాయి రేవు నుంచి ఓడ ఎక్కుతారు. జపాన్, జర్మనీ సేనలు ఇరాన్‌లో కలుసుకుంటాయి. 1944 కల్లా యుద్ధం అక్షరాజ్యాల (జర్మనీ, జపాన్, ఇటలీ కూటమి) చేతిలో ఉంటుంది.

ఎక్కడ నమ్మబుద్ధి కావడం లేదో మొహమాటం లేకుండా చెప్పండి.

ఇంజన్‌గది | ఆదివారం, రాత్రి 10:05

ఎన్ని ఓడలు?

కొత్తకలం | ఆదివారం, రాత్రి 10:11

ఏ ఓడలండీ? విమానవాహక నౌకలా? నగుమో దగ్గర అయిదు ఉన్నాయి: అకాగి, సోర్యు, హిర్యు, షోకాకు, జుయికాకు.

ఇంజన్‌గది | సోమవారం, ఉదయం 6:30

అవి కాదు బాబూ. వాటి పేర్లు అందరికీ తెలుసు. మీ రెండు డివిజన్లు ఏం తిని, ఏం ఎక్కి వచ్చాయి అని అడిగాను. వర్తక నౌకల ఇంజన్ గదుల్లో ముప్పై నాలుగేళ్లు పని చేశాను కాబట్టి యుద్ధం అనగానే నాకు ఫిరంగులకంటే ముందు ఓడల ఇంధనం నింపే బంకర్లే కనబడతాయి.

లెక్క వేద్దాం. 1941 డిసెంబరులో ఫిలిప్పీన్స్‌లోని లింగాయెన్ అఖాతంలో సుమారు 43 వేల మందిని దించడానికి జపాన్‌కు ఎనభైకి పైగా రవాణా నౌకలు కావలసి వచ్చాయి. జావా మీదికి రెండు దండులుగా పంపినవి దాదాపు వంద. మీ నవలకూ తక్కువలో తక్కువ అన్ని కావాలి. ఇవి ఒక్కసారి వచ్చి పోతే సరిపోదు. దిగినవాళ్లకు రోజూ తిండి, తూటాలు, మందులు, పెట్రోలు రావాలి, సింగపూర్ నుంచి విశాఖకు సముద్రం మీద సుమారు 1,600 నాటికల్ మైళ్లు.

యుద్ధం మొదలయ్యేనాటికి జపాన్ వర్తక నౌకలన్నీ కలిపి దాదాపు 60 లక్షల టన్నులు. అందులో సగానికి పైగా సైన్యమూ నౌకాదళమూ తీసేసుకున్నాయి. మిగిలిన వాటితోనే ఇంటికి బియ్యం, బొగ్గు, ఇనుము, బాక్సైట్ తెచ్చుకోవాలి. పాలెంబాంగ్ నూనె బావులు పట్టుకున్నది 1942 ఫిబ్రవరిలో. ఆ నూనెను జపాన్‌కు మోయడానికే ట్యాంకర్లు చాలక అవస్థ పడ్డారు. అసలు యుద్ధానికి దిగిందే ఆ నూనె కోసం. దాన్ని మోయవలసిన ఓడలను తీసుకొచ్చి భీమిలి ఒడ్డున నిలబెడతారా?

మరొకటి, విశాఖ రేవు. 1933లో తెరిచిన రేవు అది. డాల్ఫిన్స్ నోస్ కొండ కింద సన్నటి కాలవలోంచి లోపలికి పోవాలి. కట్టేటప్పుడే అలల తాకిడికి అడ్డంగా రెండు పాత ఓడలను బయట ముంచారు. ఇంగ్లీషువాడు పోతూ పోతూ మూడో ఓడను ఆ కాలవలో అడ్డంగా ముంచితే చాలు, మీ జనరల్ గారు పడవల్లో బియ్యం బస్తాలు దించుకుంటూ కూర్చోవాలి. ఏప్రిల్ చివర నుంచి బంగాళాఖాతంలో తుపాను కాలం, జూన్‌లో నైరుతి. ఆ అలల్లో ఒడ్డుకు సరుకు దించడం ఎలా ఉంటుందో మన జాలరులను అడగండి.

సందేహం | సోమవారం, ఉదయం 9:15

ఇంజన్‌గది గారి లెక్క బాగుంది, కానీ ఇదే లెక్క 1941 నవంబరులో ఎవరైనా వేసి ఉంటే సింగపూర్ కూడా పడకూడదు. పడింది. ఫిబ్రవరి 15న తమకంటే తక్కువ సంఖ్యలో ఉన్న సేనకు దాదాపు 80 వేల మంది లొంగిపోయారు. మలయా అడవుల్లోంచి సైకిళ్లు తొక్కుకుంటూ వస్తారని ఎవడైనా కథ రాసి ఉంటే ఈ వేదికలోనే నవ్వి పంపించేవాళ్లం. మార్చి 8న రంగూన్, మార్చి 23న అండమాన్. రెండు వారాలకు ఒక ఊరు చొప్పున పడిపోతున్న రోజుల్లో మన తీరంలో కాపలా ఎంత పలచనో అందరికీ తెలుసు. మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ ఊరు ఖాళీ చేయమని ఆజ్ఞ ఇచ్చి, కచేరీలను లోపలి జిల్లాలకు తరలించాడు. బాంబు పడితే బోనులు తెగుతాయని జంతుప్రదర్శనశాలలో క్రూరమృగాలను కాల్చి చంపారు. పాలించేవాడే నమ్మిన ప్రమాదాన్ని మనం ఎనభై ఏళ్ల తర్వాత కుర్చీలో కూర్చుని అసాధ్యం అంటే ఎలా?

పాతపటం | సోమవారం, మధ్యాహ్నం 1:20

సందేహం గారూ, భయపడడం వేరు, భయానికి కారణం ఉండడం వేరు. 1914 సెప్టెంబరు 22న ఎమ్డెన్ అనే ఒకే ఒక్క జర్మన్ ఓడ మద్రాసులో నూనె ట్యాంకుల మీద గుళ్లు పేల్చి పోతే ఊరు ఊరంతా రైలెక్కింది. జర్మనీ మద్రాసును ఆక్రమించేదేనని దాన్ని బట్టి తేల్చలేం కదా.

సింగపూర్ పోలికకు వస్తాను. జపాన్ అంతకుముందే ఇండోచైనాలో రేవులు, విమానాశ్రయాలు సంపాదించుకుంది. మలయా తీరం అక్కడికి దగ్గర. దిగిన మొదటి రోజు నుంచే తలమీద సొంత విమానాలు ఉన్నాయి. విశాఖకు దగ్గరలో వాళ్ల చేతిలో ఉన్నది పోర్ట్ బ్లెయిర్, అది దాదాపు 1,200 కిలోమీటర్ల దూరం. అదే ఏడాది ఆగస్టు నుంచి రబౌల్ నుంచి గ్వాడల్కనాల్ దాకా, ఇంతకంటే కొంచెం తక్కువ దూరమే, జపాన్ జీరో యుద్ధవిమానాలు పోయి వచ్చేసరికి పైలట్లు సొమ్మసిల్లిపోయేవారు. అక్కడ పోరాడడానికి చిక్కింది కొద్ది నిమిషాలే. కాబట్టి విశాఖ మీద రక్షణ ఇవ్వాలంటే విమానవాహక నౌకలే అక్కడ కాపు కాయాలి. ఎన్నాళ్లు? ఏప్రిల్ 18న అమెరికావాళ్ల డూలిటిల్ విమానాలు టోక్యో మీద బాంబులు వేశాయి. నగుమో బంగాళాఖాతంలో ఉండగా పసిఫిక్‌లో అమెరికా ఊరుకోదు.

కొత్తకలం గారూ, ఒక మంచి మాట కూడా చెప్పాలి. మీ మొదటి మార్పు, బ్రిటిష్ నౌకాదళం మునగడం, చాలా బాగుంది. దాడి ఏప్రిల్ 1 ప్రాంతంలో వస్తుందని ఆ నౌకాదళాధిపతి సోమర్విల్‌కు ముందే కబురు అందింది. మార్చి 31 నుంచి ఏప్రిల్ 2 దాకా సింహళానికి దక్షిణాన కాచుకుని ఉన్నాడు. ఎవరూ రాకపోయేసరికి నీళ్లు, నూనె నింపుకోవడానికి మాల్దీవుల్లోని అడ్డూ అటాల్ రహస్య స్థావరానికి వెళ్లాడు. ఏప్రిల్ 4న అక్కడికి చేరిన రోజే లియొనార్డ్ బిర్చాల్ అనే కెనడా పైలట్ తన కాటలీనా విమానంలోంచి నగుమో దండును చూశాడు. కబురు పంపుతుండగానే అతణ్ని కూల్చేశారు. మర్నాడు ఈస్టర్ ఆదివారం. కొలంబో మీద దాడి జరిగింది, డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే బ్రిటిష్ క్రూయిజర్లు మునిగాయి. ఏప్రిల్ 9న ట్రింకోమలీ దగ్గర హెర్మీస్ అనే విమానవాహక నౌక పోయింది. నగుమో మూడు రోజులు ముందుగా వచ్చి ఉంటే? సోమర్విల్ దగ్గర ఉన్న నాలుగు పాత ఆర్ తరగతి యుద్ధనౌకలు పగటిపూట ఆ విమానాల ముందు నిలిచేవి కావు. మీరు కొత్తగా సృష్టించవలసింది ఏమీ లేదు, తేదీ జరిపితే చాలు. కథ ఇక్కడి వరకు గట్టిగా ఉంది. ఆ తర్వాతే జారింది.

జారింది విశాఖ ఒడ్డున కాదు, టోక్యో గదిలో. సింహళాన్ని పట్టుకుందామని నౌకాదళంలో కొందరు అడిగితే సైన్యం పెద్దలు ఒప్పుకోలేదు. ఆగ్నేయాసియా మొత్తానికి వాళ్లు ఇచ్చిందే పదకొండు డివిజన్లు, మిగతా సేన చాలావరకు చైనాలో, మంచూరియాలో ఉంది. సింహళానికే ఇవ్వని డివిజన్లను భీమిలికి ఇస్తారా? ఆ గదిలో ఎవరి మనసు ఎందుకు మారిందో మీరు రాయాలి. అది రాయగలిగితే ఓడల సంగతి ఇంజన్‌గది గారితో బేరమాడుకోవచ్చు.

ఆజాద్45 | సోమవారం, సాయంత్రం 6:50

అందరూ ఓడలు లెక్కపెడుతున్నారు, మనుషులను లెక్కపెట్టడం లేదు. నేతాజీ ఆ సేనతో కలిసి విశాఖలో దిగి ఉంటే రెండు డివిజన్లు ఎందుకు? దేశమే సేన అయ్యేది.

పాతపటం | సోమవారం, సాయంత్రం 7:25

1942 ఏప్రిల్‌లో బోస్ బెర్లిన్‌లో ఉన్నారండీ. 1943 ఫిబ్రవరిలో జలాంతర్గామి ఎక్కారు, మేలో టోక్యో చేరారు, జులైలో సింగపూర్‌లో ఆజాద్ హింద్ ఫౌజ్ పగ్గాలు పట్టారు. 1942లో మొదటి ఫౌజును కూడగడుతున్నది మోహన్ సింగ్. జపాన్‌వాళ్లు తనను పావుగా వాడుకుంటున్నారని ఆయనకు అనుమానం వచ్చి, ఆ ఏడాది చివరికి తగువు ముదిరి ఫౌజే చెదిరిపోయింది.

ఆజాద్45 | సోమవారం, సాయంత్రం 7:40

తేదీలు నాకూ తెలుసు. ప్రత్యామ్నాయ చరిత్ర అంటున్నప్పుడు నౌకాదళం తేదీ జరపవచ్చు కానీ నేతాజీ తేదీ జరపకూడదా?

పాతపటం | సోమవారం, రాత్రి 8:10

న్యాయమైన ప్రశ్న. జరపవచ్చు. కానీ నగుమోను మూడు రోజులు జరిపితే మిగతా ప్రపంచం కదలదు. బోసును పద్నాలుగు నెలలు ముందుకు జరపాలంటే జర్మనీ ఆయన్ను ఎందుకు వదిలింది, జపాన్ అప్పుడే ఎందుకు పిలిచింది, దారి ఎలా దొరికింది అని మూడు కొత్త కథలు రాయాలి. ఒక కథలో ఎన్ని అబద్ధాలకు పాఠకుడు ఊ కొడతాడన్నదే ఇక్కడ కొలత.

ఇంఫాల్ మాట కూడా చెప్పి ఊరుకుంటాను. 1944లో దాదాపు 85 వేల మందితో వచ్చిన జపాన్ సేనలో 50 వేలకు పైగా చచ్చిపోయారు, గాయపడ్డారు, లేదా రోగాల పాలయ్యారు. తిండి అందక కూలినవాళ్లే ఎక్కువ. అది నేలదారి, పక్కనే బర్మా తమ చేతిలో ఉంది. సముద్రం దాటి వచ్చినవాళ్లకు ఏం జరిగేదో ఊహించండి.

నిర్వాహకులు | సోమవారం, రాత్రి 8:30

ఇప్పటివరకు మాట మర్యాద బాగుంది. బోసు గారి మరణం మీద చర్చ మొదలైతే మాత్రం దారం మూసేస్తాం. దానికి వేరే దారాలు పదకొండు ఉన్నాయి.

సందేహం | మంగళవారం, ఉదయం 10:00

సరే, విశాఖను వదిలేస్తాను. జపాన్ గెలవడానికి మన ఒడ్డున దిగనే అక్కరలేదు. సింహళాన్ని పట్టుకుని అరేబియా సముద్రంలో ఓడలను ముంచితే చాలు. మధ్యధరా మూతపడినందువల్ల ఈజిప్టులోని బ్రిటిష్ సేనకు సరుకంతా ఆఫ్రికా చుట్టూ తిరిగి ఎర్రసముద్రం గుండా వస్తోంది. రష్యాకు ఇరాన్ గుండా పోయే సరుకూ అదే సముద్రం మీద. అబదాన్ చమురు శుద్ధి కేంద్రం పర్షియన్ గల్ఫ్ ఎగువ కొసన ఉంది. 1942 జూన్ 21న టోబ్రుక్ జర్మన్ సేనాని రోమెల్ చేతికి చిక్కింది. ఆ నెలలోనే హిందూ మహాసముద్రం మూతపడి ఉంటే అల్ అలమీన్ దగ్గర అతణ్ని ఆపేవాళ్లు ఎవరు? జపాన్, జర్మనీ 1942 జనవరిలో 70 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ప్రపంచాన్ని పంచుకుని సంతకాలు కూడా చేసుకున్నాయి.

ఇంజన్‌గది | మంగళవారం, ఉదయం 11:45

ఇది విన్నాను. ఇందులో ఓడలు తక్కువ పడతాయి, పైగా ముంచేవి కాబట్టి. ర్యూజో ఉన్న ఓజావా దండు ఒక్క బంగాళాఖాతంలోనే కొద్ది రోజుల్లో ఇరవైకి పైగా వర్తక నౌకలను ముంచింది. జూన్, జులైలలో కొన్ని జలాంతర్గాములు మొజాంబిక్ కాలవలో ఇంకో ఇరవై ముంచాయి. మడగాస్కర్ రేవులోకి దూరి రామిలీస్ అనే యుద్ధనౌకనూ కొట్టాయి. అలాంటిది జరుగుతుందన్న భయంతోనే ఇంగ్లీషువాళ్లు అంతకుముందే, మే మొదట్లో మడగాస్కర్ మీదికి వెళ్లారు. ఈజిప్టు పోయి ఉండేదేమో అంటే కాదనలేను.

కానీ "యుద్ధం గెలిచేవారు" అన్న దగ్గర ఆగుతాను. అమెరికా కట్టిన లిబర్టీ రకం సరుకు ఓడలు 2,710. మునిగే వేగానికి మించిన వేగంతో కట్టారు. 1944 ఒక్క ఏడాదిలో అమెరికా దాదాపు 96 వేల విమానాలు చేస్తే జపాన్ 28 వేలు చేసింది. ఈ లెక్క ముందు ఈజిప్టు పోతే యుద్ధం ఏడాదో, ఏడాదిన్నరో పొడుగుతుంది. అంతే.

పాతపటం | మంగళవారం, మధ్యాహ్నం 2:30

ఆ ఏడాదిన్నర పొడుగితే అణుబాంబు బెర్లిన్ మీద పడుతుంది. ఆ పని మొదలుపెట్టిందే జర్మనీని తలచుకుని. అక్షరాజ్యాల గెలుపు రాద్దామని కూర్చున్నవాళ్లు ఇది తరచు మరచిపోతారు.

అమెరికాను పక్కకు తప్పించడానికి ఒక్కటే నమ్మదగిన సందు. 1941 డిసెంబరు 11న హిట్లర్ అమెరికా మీద యుద్ధం ప్రకటించకపోవడం. జర్మనీ, ఇటలీ, జపాన్ల త్రైపాక్షిక ఒప్పందం ప్రకారం ప్రకటించనక్కరలేదు కూడా, జపాన్ మీద ఎవరైనా దాడి చేస్తేనే సాయం, జపాన్ తానే పోయి కొడితే కాదు. ఇక్కడ ఒక మనిషి నిర్ణయం చాలు, ఓడలు అక్కరలేదు. అయినా సెప్టెంబరు నుంచే అట్లాంటిక్‌లో అమెరికా నౌకలకు జర్మన్ జలాంతర్గాములు కనబడితే కాల్చమని ఆజ్ఞ ఉంది. ఆ తగువు ఎప్పుడో అప్పుడు యుద్ధంగా మారేదే. దానివల్ల దొరికేది కొన్ని నెలలు.

ఇంగ్లండు మీద జర్మనీ దండయాత్ర గురించి ఎవరూ ఎత్తలేదు, సంతోషం. నదుల్లో తిరిగే బల్లకట్టు పడవలు సుమారు 2,400 పోగుచేసి ఇంగ్లీషు ఛానల్ దాటుదామనుకున్నారు. 1974లో సాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయంలో దాన్ని బల్ల మీద యుద్ధక్రీడగా ఆడి చూస్తే దిగినవాళ్లు దిగినట్టే చిక్కుకుపోయారు.

కాకినాడ కోడలు | మంగళవారం, రాత్రి 9:05

చదువుతూ ఉన్నాను, మాట్లాడాలా వద్దా అని. మీరందరూ ఎవరు గెలిచేవారని అడుగుతున్నారు. మా అత్తగారి తల్లి ఆ ఏప్రిల్‌లో కాకినాడలో ఉన్నారు. బాంబు పడిన రాత్రే ఇత్తడి సామాను నూతిలోకి దించి, పిల్లలను ఎడ్లబండిలో వేసుకుని పెద్దాపురం వైపు వెళ్లారట. వర్షాకాలం దాకా తిరిగి రాలేదు. రంగూన్‌లో ఉన్న ఆవిడ అన్నగారు, అక్కడ మనవాళ్లను కొరంగీలు అనేవారు, అరకాన్ కొండల మీదుగా నడిచి వస్తానని ఉత్తరం రాశారు. రాలేదు.

నాకు తట్టిన సందేహం ఒకటి. బెంగాల్‌లో జపాన్‌వాళ్లు వస్తే వాడుకుంటారని పది మందికి మించి పట్టే పడవలను ప్రభుత్వం లాగేసుకుంది, తీరపు జిల్లాల బియ్యం కొనేసి తరలించింది. మరుసటి ఏడాది కరువులో అక్కడ పోయిన ప్రాణాలు దాదాపు ముప్పై లక్షలని అంచనా. ఆ కరువుకు కారణాలు ఇంకా ఉన్నాయి, బర్మా బియ్యం ఆగిపోవడం, తుపాను, ధరలు. అయినా పడవ లేని ఊరికి బియ్యం ఎలా చేరుతుంది? ఇప్పుడు మన డెల్టా చూడండి. ధవళేశ్వరం ఆనకట్ట నాటి నుంచి ధాన్యం నడిచింది కాలవల మీద, పడవల్లోనే. జపాన్ దండు విశాఖ వైపు బయలుదేరిందన్న పుకారు ఇంకో నెల నిలిచి ఉంటే, ఇదే ఆజ్ఞ కోనసీమకు వచ్చేది కాదా? ఒక్క జపాన్ సైనికుడు దిగకుండానే.

ఇంజన్‌గది | మంగళవారం, రాత్రి 9:50

అమ్మా, ఈ రెండు రోజుల్లో నేను అడగవలసిన ఓడలు మీరే అడిగారు. మా తాతది కాలవ పడవే. రాజమండ్రి నుంచి ఏలూరు కాలవ మీద ధాన్యం వేసేవాడు. పడవను లాక్కుంటే ఆయన ఏం చేసేవాడో నాకు తెలియదు, ఇంట్లో మాత్రం ఇంకో బతుకుతెరువు లేదు.

సందేహం | బుధవారం, ఉదయం 8:20

ఒప్పుకుంటున్నాను, ఇది నా ఈజిప్టుకంటే దగ్గరగా ఉంది. అడ్డు చెప్పాలని చూశాను. డెల్టాలో మిగులు ధాన్యం ఉంది కదా, బెంగాల్‌లా ఎండిపోదు అనుకున్నాను. కానీ మిగులు ఉన్న చోటు నుంచి సేనకోసం తరలించడం ఇంకా సులువు.

పాతపటం | బుధవారం, ఉదయం 9:10

పైగా టోక్యో గదిలో ఎవరి మనసూ మార్చనక్కరలేదు. నగుమో మూడు రోజులు ముందు వచ్చాడు, సోమర్విల్ మునిగాడు, జపాన్ సైన్యం ఎప్పటిలాగే డివిజన్లు ఇవ్వనంది. కానీ ఆ సంగతి ఢిల్లీకి తెలియదు కదా. నౌకాదళం లేని తీరాన్ని చూసుకుని ఢిల్లీ ఏ ఆజ్ఞలు ఇచ్చేదో అదంతా మీ కథే.

కొత్తకలం | బుధవారం, రాత్రి 11:30

మూడు అధ్యాయాలు తీసేశాను. భీమిలి లేదు, ఇరాన్ లేదు. ఆజాద్45 గారు మన్నించాలి, బోసు గారు బెర్లిన్ రేడియోలో వినబడతారు, అంతే. ఇప్పుడు కథ కోనసీమలో ఒక లాకు దగ్గర మొదలవుతుంది. పడవలు స్వాధీనం చేసుకోవడానికి వచ్చిన రెవెన్యూ ఉద్యోగి, ఇవ్వనన్న పడవ సరంగు, ఓడ మునిగి తీరానికి కొట్టుకొచ్చిన ఒక నావికుడు. జపాన్‌వాడు ఎవరికీ కనబడడు.

కోడలు గారూ, ఆ నూతిలో దించిన సామాను మళ్లీ దొరికిందా? ఆ సంగతి రాసుకోవచ్చా?

కాకినాడ కోడలు | గురువారం, ఉదయం 7:15

రాసుకోండి. గంగాళం ఒకటి పైకి రాలేదు. నూతిలోనే ఉందని ఆవిడ చివరిదాకా అనేవారు. ఎవరో తీసుకుపోయారని ఇంట్లో మిగతావాళ్లు అనేవారు.

ఇంజన్‌గది | గురువారం, ఉదయం 7:40

మునిగిన ఓడ అన్నారు. బొగ్గుతో నడిచేదా, నూనెతో నడిచేదా? నావికుడు ఒడ్డుకు చేరేటప్పుడు ఒంటికి ఏం అంటుకుని ఉంటుందో దాన్ని బట్టి ఉంటుంది.